పోశయ్య మొసలికి జోడి

"మొసలి లేదు, గిసలి లేదు సార్! అంత వీడు పుట్టిచ్చిందే!" అంటూ ఇసుక ట్రాక్టర్ల రాజలింగు మంజీర ఒడ్డున ఫారెస్టు సురేందర్ సారు ముందు చేతులు తిప్పాడు.

నిజమే, పుట్టించింది పోశయ్యే. పుట్టించక ఏం చేస్తాడు మరి? రాజలింగు ట్రాక్టర్లు ఇసుక తోడీ తోడీ నిరుడు ఒడ్డు విరిగి, పోశయ్య చెరుకు మడి సగం మంజీరలో కలిసిపోయింది. ఈ ఏడు మిగిలిన సగం కూడా పోయేట్టుంది. మొత్తుకుంటే విన్న నాథుడు లేడు. అందుకే పది రోజుల కింద మడుగులో మొసలిని చూశానని కందకుర్తి అంతా చాటి, ఫోన్లో దొరికిన ఫొటో ఒకటి సారుకు కూడా పంపాడు. ఆనాటి నుంచి ఒక్క కూలీ ఆ ఇసుకలో కాలు పెడితే ఒట్టు.

నీళ్లలో దిగేది ఒక్క చంద్రవ్వే. మొగుడి అబద్ధం తెలిసింది ఆమె ఒక్కతికే కదా! ఇప్పుడు కూడా అదిగో, ఆ తుంగ గుబురు వెనక నడుములోతు నీళ్లలో నిలబడి బర్రెను కడుగుతోంది. సారు పది అడుగులు ముందుకేశాడా, పోశయ్య గుట్టు రట్టే.

"నీ కండ్లతోని చూసినవా?" అడిగాడు సురేందర్ సారు.

"మా బర్రె మీద ఒట్టు సార్!" పోశయ్య తుంగకు అడ్డంగా జరిగాడు. "ఇసుకల నోరు తెర్సుకొని ఎండకు పండుకున్నది. ఒంట్ల వేడి గట్ల పోగొట్టుకుంటదట. నీళ్లల్లకు దిగిందంటే ఇగ మొద్దే అనుకో. కండ్లు, ముక్కు తప్ప ఏం కనవడయి."

"గియ్యన్ని ఫోన్ల సూసి నేర్సిండు సార్," అన్నాడు రాజలింగు.

సారు తన ఫోన్ తీసి, పోశయ్య పంపిన ఫొటో ముందు పెట్టుకున్నాడు. "ఒక్కటి చెప్పు పోశయ్యా. నోరు మూసినప్పుడు దాని కింది పండ్లు బయటికి కనబడ్డయా, లేదా?"

పోశయ్య తల గోక్కున్నాడు. ఫోన్లో చూసిన మొసళ్ల వీడియోలో సరిగ్గా పళ్ల ముచ్చట వచ్చినప్పుడే చంద్రవ్వ అన్నానికి పిలిచింది. పాడు ఆకలి! ఏదైతే అదైంది అనుకుని, "కనవడ్డయి సార్," అన్నాడు.

"మరి ఈ ఫొటోల ఉన్నదానికి కనబడతలేవు."

రాజలింగు చప్పట్లు కొట్టాడు. "దొరికిండు సార్ దొంగ!"

"ఆగవయ్యా," అన్నాడు సారు. "ఫొటోల ఉన్నది ఎలిగేటర్. మన దేశంల ఉండదు. నోరు మూస్తే దాని కింది పండ్లు లోపలికి పోతయి. మన మంజీర మొసలికైతే నోరు మూసినా బయటికే కనబడతయి. ఫొటో యాడిదో గానీ, ఇతను చూసింది మాత్రం అసలు మొసలినే."

పోశయ్యకు పోయిన ప్రాణం లేచొచ్చింది. "నాకు ఫొటో తియ్యరాదు సార్. గిసొంటిదే అని చెప్పెతందుకు పంపిన."

అంతలో తుంగ వెనక దబ్బుమని నీళ్ల చప్పుడు.

"గదేంది?" అన్నాడు రాజలింగు.

దీని బర్రె పాడుగాను, ఇప్పుడే దుమకాలా! పోశయ్య రెండు చేతులూ అడ్డం చాపాడు. "గదే అన్నా! తోకతోని కొట్టింది. గుడ్లు పెట్టే కాలం. ఇసుకల గుడ్లు కప్పి, పిల్లలయ్యేదాంక కావలుంటది. గీ దినాలల్ల దగ్గరికి పోతే మనిషని సూడదు."

"అగర్ మగర్ మాటలొద్దు, దిగి సూద్దాం పా!"

"అగర్ లేదన్నా, మగర్ మాత్రం ఉన్నది. నువ్వే దిగు."

ఉర్దూలో మగర్ అంటే 'కానీ' ఒక్కటే కాదు, మొసలి అని కూడా రాజలింగుకు తెలియంది కాదు. కాలు కదల్లేదు. కాసేపు గొణిగి, మోటర్‌సైకిల్ తన్ని వెళ్లిపోయాడు.

గెలిచాను రా దేవుడా అనుకున్నాడు పోశయ్య. చెరుకు దక్కింది.

"ఊరోళ్లు ఎవ్వరు నీళ్లల్ల దిగుతలేరు గదా?" అడిగాడు సారు.

"మనిషా? పిట్ట గూడ దిగదు సార్!"

"బతికించినవ్. బోర్డు పెట్టకముందే ఎవరన్న దిగుతరేమో అని ఉరికొచ్చిన." సారు నవ్వుతూ పోశయ్య భుజం తట్టాడు. "మొన్న ఒక కాలువల తొమ్మిదడుగుల మొసలి దొరికింది. యాడ ఇడవాలె అని ఆలోచన చేసినం. నీ మడుగుల ఎట్లాగు ఒకటి ఉన్నదాయె. ఇయ్యాల పొద్దుగాలనే తెచ్చి ఇందుల ఇడిసినం. నీ మొసలికి జోడి!"

పోశయ్య నోరు తెరిచాడు.

తుంగ వెనక నుంచి చంద్రవ్వ కేకేసింది.

"ఇగో, జర రావయ్యా! పెద్ద మొద్దు కొట్టుకొచ్చింది, పొయ్యిలకైతది. నేను పడుతున్న, నువ్వొచ్చి గుంజు!"