బియ్యపు గింజంత బందులు

“వచ్చే నెల మొదటి శనివారం పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేస్తరు. ఆ రోజే కొత్తింట్లకు పోవుడు,” అన్నాడు సుందర్ రావు.

“నువ్వు పో. నేను రాను,” అంది మరియమ్మ.

మట్టెవాడలో ఆ అద్దె ఇంటికి ఆమె కాపురానికి వచ్చి ముప్పై ఏళ్లు. హన్మకొండలో సొంతిల్లు లేచింది. సున్నాలు, రంగులు కూడా అయిపోయాయి. ఆమె మాత్రం గడప కదలనంటోంది.

“ఈడ ఉప్పు డబ్బా నుంచి తొక్కు జాడీ దాకా చెయ్యి చాపితే అందుతది. ఆడికి పోయి నేనేం జెయ్యాలె? సుట్టమోలె ఓ మూలకు కూసోవాల్నా? చాయ్ గూడ నువ్వే పోసిస్తవా?”

సుందర్ రావు ఐటీఐలో ఫిట్టర్ పని నేర్పి నేర్పి రిటైరైన మనిషి. ఆకురాయి పట్టడం వచ్చుగానీ బతిమాలడం రాదు.

మర్నాటి నుంచి ఇంట్లో కిర్రు కిర్రుమని మొదలైంది. కత్తెర శబ్దం, చిన్న సుత్తి టకటక, ఆ వెనకే ఆకురాయి. ఇత్తడి వాసన వంటింటిదాకా వస్తోంది.

“ఏం జేస్తానవయ్యా?”

“బందులు.”

“వేటికి?”

“తలుపులకు.”

ఏ తలుపులకో పక్కింటి అనసూయ వచ్చాకే తేలింది.

“గిదేంది బావా, గింత చిన్నగ? బియ్యపు గింజ నయం!”

“అడుగుకు అర అంగుళం లెక్క. తలుపు మూడున్నర అంగుళాలు. దానికి బందు గింతే ఉంటది.”

పాత పంపు స్టవ్వు టాంకీని కోసి రేకు తీశాడట. రేకు ముక్కను కుట్టుసూది చుట్టూ చుట్టి, ఆకురాయితో పళ్లు తీసి, రెండు రేకుల పళ్లనూ ఒకదాంట్లో ఒకటి దూర్చి, నడిమిట్ల సూది ముక్క దిగేస్తే ఒక బందు. తలుపుకు రెండు. పది తలుపులు.

అనసూయ గాజులు గలగలమనిపించింది. “అక్కా! మీ ఆయన రిటైరై చిన్నపిల్లగాడైండే. బొమ్మరిల్లు కడ్తాండు!”

“కట్టుకోనీ. అందుల్నే ఉంటడేమో,” అంది మరియమ్మ.

ఒక మధ్యాహ్నం టింగుమని చప్పుడైంది. ఆ వెంటనే సుందర్ రావు మోకాళ్ల మీద పాకడం మొదలుపెట్టాడు.

“ఆగు బావా, ఫోను లైటేస్త,” అని అనసూయ కూడా కింద కూర్చుంది. ఇద్దరూ నేలంతా తడిమారు. బందు దొరకలేదు.

“స్టూలు కింద. గోడదిక్కు కాలు కాడ,” అంది మరియమ్మ, తలెత్తకుండా ఉల్లిగడ్డలు తరుగుతూనే.

అక్కడే ఉంది.

“నీకు దండమే అక్కా!”

“ముప్పై ఏండ్ల సంది ఈయనతోని కాపురం. ఏం పారేస్తడో, అది యాడ పడ్తదో నాకు తెల్వదా?”

పది తలుపులూ పూర్తయిన రోజు సుందర్ రావు టేపు పట్టుకుని కొత్తింటికి వెళ్లొచ్చాడు. వచ్చినవాడు మంచినీళ్లు కూడా అడగలేదు. కాసేపటికి పటుక్కున ఏదో విరిగింది.

“ఏమైంది?”

“వడ్లాయన వంటింటి తలుపు బయటికి తెరుచుకునేటట్టు బిగించిండు. నేను దీంట్ల లోపలికి పెట్టిన.”

అనసూయ పకపకా నవ్వింది. “ఏ దిక్కు తెరిస్తే ఏంది బావా? అందుల చీమలు కాపురముంటయా?”

“తప్పుడు తలుపు పెట్టే బదులు పెట్టకపోవుడే నయం.”

“మరి పైన కప్పేది?”

“కప్పు పెట్ట.”

“కప్పు లేని ఇల్లు యాడన్న ఉంటదా?”

“ఈడుంటది.”

మళ్లీ రెండు రోజులు కిర్రు కిర్రు. మరియమ్మ పంతం మాత్రం అరగలేదు. “మేం ఖాళీ చేస్తలేమని ఇంటాయనకు చెప్పొస్త,” అని అనసూయతో అనేసింది కూడా. ఆ మాట అనగానే ఆకురాయి ఒక్క క్షణం ఆగింది. మళ్లీ మొదలైంది.

ప్రార్థనకు రెండు రోజుల ముందు, గురువారం సాయంత్రం, సుందర్ రావు చిన్న చిన్న గోడలు, తలుపులు నిలబెట్టిన ఒక చెక్క పలకను తెచ్చి ఆమె ఒళ్లో పెట్టాడు.

“గిదేంది?”

“మన కొత్తిల్లు. నీకోసమే.”

“ఈ వయసుల నాకు బొమ్మరిల్లా?” అంటూనే వేలితో ముందు తలుపు నెట్టింది. అది కిర్రుమనలేదు. హాల్లోంచి వేలు ముందుకు జరిగింది. పడకగది తలుపు తీసింది, వేసింది. తర్వాతి తలుపు దగ్గర ఆగింది.

“దీన్ని నా దిక్కు గుంజాల్నా?”

“ఆ. అదే వంటిల్లు.”

“పొయ్యి?”

“ఎడమ దిక్కు గద్దె మీద.”

మరియమ్మ ఆ తలుపును నాలుగుసార్లు తీసి వేసింది. ముక్కు ఎగపీల్చింది.

“బందులు జర గట్టిగనే బిగించినవ్,” అంది. అంతే.

శుక్రవారం ఆ పలక ఆమె ఒళ్లోంచి దిగలేదు. అన్నం పొయ్యెక్కేసరికి రెండు దాటింది. సుందర్ రావు ఆకలని అనలేదు.

శనివారం కొత్తింటి గుమ్మంలో చెయ్యి పట్టుకోబోయిన అనసూయను వద్దని, హాలు దాటి, వంటింటి తలుపును తన దిక్కుకు గుంజి, ఎడమపక్క పొయ్యి వెలిగించి పాస్టరుగారికి చాయ్ పెట్టింది మరియమ్మ. ఇన్నేళ్లూ కళ్లకు బదులు ఆమెకు దారి చూపించిన తెల్లకర్ర గుమ్మం దగ్గర సుందర్ రావు చేతిలోనే ఉండిపోయింది.