పెళ్లిచూపుల్లో పాడిన పాట

"ఒక పాట పాడమ్మా," అన్నది మంగళగిరి నుంచి వచ్చిన పెళ్లికొడుకు తల్లి పున్నమ్మ.

ఈ పెళ్లిచూపులు ఎలాగైనా చెడగొట్టాలనుకున్న సుబ్బరత్నం, నవ్వు బిగబట్టుకుని, తాను రాసిన పాటను మంగళహారతి వరుసలో ఎత్తుకున్నది:

"అడిగి కట్టినారా ఎద్దును కాడికి?
అడిగి కట్టినారా పాలేరును చాకిరికి?
అడిగి ఇచ్చినారా పడుచును పెళ్లికి?"

వరుస చెవిన పడగానే తండ్రి వీరభద్రయ్య అలవాటుగా చేతులు జోడించాడు. పెళ్లికొడుకేమో ఎదుట లేని హారతిని కళ్లకద్దుకున్నాడు. పున్నమ్మ మాత్రం మాటలు విన్నది.

"అన్నయ్యగారూ, పిల్లను అడిగారా?"

"స్వరాజ్యం వచ్చింది దేశానికమ్మా, ఆడపిల్లలకు కాదు!"

"నన్నూ ఎవరూ అడగలేదు లెండి. నువ్వు చెప్పమ్మా, ఇష్టమేనా?"

"లేదండీ."

"అయితే లేవరా అబ్బాయ్, పోదాం."

గెలిచిన సుబ్బరత్నానికి, వాళ్లు గడప దాటకముందే బెంగ పట్టుకున్నది: ఇటువంటి అత్తగారు మళ్లీ దొరుకుతుందా?