మూడోసారి

"బిగించను సార్."

ప్రూఫ్‌రీడర్ తెల్లబోయాడు.

బట్టల దుకాణంలో ఓ మూల కుట్టుమిషన్ ముందు కూర్చున్న ఆవిడ, అతనిచ్చిన ప్యాంటును మడతపెట్టి మళ్లీ అతని చేతిలోనే పెట్టింది.

"నడుము దగ్గర రెండంగుళాలేగా? ఎంతసేపు పని?"

"పని సంగతి కాదు. నాలుగు నెలల్లో ఇది మూడోసారి. మనిషి ఇలా చిక్కిపోతుంటే ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదా?"

పక్కనే ఉన్న భార్య కల్పించుకుంది.

"ఈయన పనిచేసే ప్రెస్సు మూతపడిందమ్మా. అప్పట్నుంచీ దిగులు పట్టుకుంది. డాక్టరు మాత్రలిచ్చారు."

"మాత్రలు మానొద్దు. కానీ సార్, రెండు ముద్దలు తినేసరికే కడుపు నిండిపోతోందా?"

అతను ఉలిక్కిపడ్డాడు. ఆ మాట అతను భార్యకు కూడా చెప్పలేదు.

"నువ్వు దర్జీవా, డాక్టరువా?"

"దర్జీనే. ఆస్పత్రిలో నోట్లోంచి గొట్టం వేసి కడుపు లోపల చూస్తారు. ఆ పరీక్ష చేయించుకుని రండి. ఏమీ లేదంటే ఊరికే బిగించి పెడతాను."

నలుగురూ తమవైపే చూస్తున్నారు. అతనికి ఒళ్లు మండింది. నేరుగా యజమాని దగ్గరికి నడిచాడు.

"ఇక్కడ బట్టలు కుడతారా, రోగాలు అంటగడతారా?"

యజమాని నొచ్చుకున్నాడు. క్షమించమన్నాడు.

ఆవిడ మాత్రం క్షమాపణ చెప్పలేదు. మిషన్ దగ్గర్నుంచే అతని భార్యతో, "ఈ వారంలోనే అమ్మా" అంది.

ఇల్లు చేరాక భార్య అడిగింది.

"రెండు ముద్దల సంగతి నిజమేనా?"

అతను గోడ వైపు చూశాడు.

"రేపే వెళ్తున్నాం."

"దిగులుకి ఎవరైనా గొట్టాలు వేస్తారా?"

"మీకు కాదు, దిగులు నాకు. నాకోసం వేయించుకోండి."

కడుపులో క్యాన్సర్ బయటపడింది. ఇంకా తొలి దశలోనే ఉంది.

కడుపు సగం తీసేశాక సర్జన్ మంచం పక్కన కూర్చున్నాడు.

"మీ దిగులు అబద్ధం కాదు. కాకపోతే తిండి సయించకపోయినా, బరువు తగ్గినా అంతా దానిమీదికే నెట్టేశారు. ఇకనుంచి రెండింటికీ వైద్యం చేద్దాం."

చేశారు. కొంచెం కొంచెంగా రోజుకు ఆరుసార్లు తినడం నేర్చుకున్నాడు. వారం వారం మనసు డాక్టరుతో మాట్లాడాడు. ఓ పొద్దున మాత్రల పెట్టె మీద అచ్చుతప్పు కనిపెట్టి పకపకా నవ్వాడు. ఆ నవ్వు విని భార్య వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

ఆరు నెలలు తిరిగేసరికి తన కాళ్ల మీద తాను నడిచి ఆ దుకాణానికి వెళ్లాడు.

మిషన్ ముందు ఎవరో కొత్తాయన.

"ఆవిడ ఏరీ?"

"మానిపించేశాను సార్" అన్నాడు యజమాని. "అంతకుముందు ఇంకో ఇద్దరితోనూ ఇదే గొడవ. మీరు కూడా చెప్పాక ఇక కుదర్లేదు."

"ఆవిడ నా ప్రాణం నిలబెట్టిందండీ. ఎక్కడుంటుంది?"

"ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయిందట. ఎక్కడికో ఎవరికీ తెలీదు."

అతను కౌంటరు పట్టుకుని నిలబడ్డాడు.

"అసలు ఆవిడకి ఇదంతా ఎలా తెలుసు?"

యజమాని మడత పెడుతున్న బట్టను పక్కన పెట్టాడు.

"మా కటింగ్ మాస్టర్ భార్య సార్ ఆవిడ... ఆయనదీ ఉత్త దిగులేననుకున్నాం అందరం, కడుపు జబ్బని తెలిసిన ఇరవయ్యో రోజుకి పోయాడు."