సైకిల్ ఎవరికిచ్చావమ్మా?

"ముందు మనింటి సామానుతోనే మొదలెడదాం. పాపవి ఏమున్నాయో తియ్యి. చిరుగులవి వద్దు, ఫొటోలో బావుండాలి," అన్నాడు మొగుడు.

ఆమె లాప్‌టాప్ మీంచి తలెత్తలేదు. యాప్ అతనిది. దాని తెరలు గీసేది ఆమె. ఒక ఇంట్లో పిల్లలు వాడేసిన బట్టలు, బొమ్మలు ఇంకో ఇంటి పిల్లలకి చేరాలి. మీటలన్నీ ఒంటిచేత్తో నొక్కేలా గీసింది. రెండో చేతిలో బిడ్డ ఉంటుంది కదా. ఆ సంగతి ఆమె చెబితేగానీ అతనికి తట్టలేదు. జీతం మాటెత్తితే మాత్రం, "ఇంట్లో పనికి జీతమేమిటే?" అనేవాడు.

ఇల్లే ఆఫీసు. ఆఫీసే జైలు.

ఒకసారి పెట్టె సర్దుకుని, పాపని చంకనేసుకుని గేటు దాకా వెళ్ళింది. అంతే. ఆ రోజునుంచి పెట్టెలన్నీ అత్త గదిలో, తాళంచెవి అత్త మెడలో. బయట పనుంటే ఆమె ఒక్కతే వెళ్ళి రావాలి. తల్లీబిడ్డా కలిసి గడప దాటకూడదు. కుక్కనైతే గొలుసుతో కడతారు. ఆడదాన్ని బిడ్డతో కడతారు.

"తీసుకునేవాళ్ళ పేరూ, ఇల్లూ ఎవరికీ కనపడకూడదండీ. మనక్కూడా," అంది ఆమె. "లేకపోతే ఆడవాళ్ళు భయపడతారు."

"పాత ఉయ్యాల కోసం కన్నం వేసేవాడెవడు?" నవ్వాడు. అయినా ఒప్పుకున్నాడు. పెట్టుబడి పెట్టేవాళ్ళ దగ్గర చెప్పుకోడానికి ఆ ముక్క బావుంది మరి.

మొదట గౌన్లు వెళ్ళాయి. తర్వాత వానకోటు, బూట్లు. మోసుకెళ్ళడానికి ఆటో నడిపే ఒకావిడని అతనే కుదిర్చాడు.

"ఏం తల్లీ, ఇవాళ ఏం ఊడబెరుకుతున్నారు?" అంటూ వచ్చేది ఆవిడ.

"చెప్పులు బయట!" అని అరిచేది అత్త. తర్వాత కొడుకు మీద పడేది. "ఇవ్వడమేగానీ పుచ్చుకోవడం లేదేమిట్రా నీ యాపులో?"

"మార్కులొస్తున్నాయమ్మా. వాటితో తర్వాత ఏదైనా తెచ్చుకోవచ్చు."

"ఆ మార్కులు నాక్కుంటూ కూర్చో."

సామాను వెళ్ళిన ప్రతిసారీ అతని ఫోన్ టింగుమనేది. చిన్నారి అమ్మ అనే మారుపేరుతో ఎవరో అయిదు చుక్కలిచ్చారు. కవలల అమ్మ అయిదు. బొద్దుపాప అమ్మ అయిదు. "చూశావా, ఎంతమంది అమ్మలో!" అని ఉబ్బిపోయేవాడు.

మంచం వెళ్ళిన రోజు అతనే ఒక కొస పట్టుకుని మెట్లు దింపాడు. పాప నేలమీదే పడుకుని నిద్రపోయింది. ఎర్ర సైకిల్ వెళ్ళిన రోజు మాత్రం ఇల్లదిరేలా ఏడ్చింది.

"సైకిల్ ఎవరికిచ్చావమ్మా?"

"ఒక పాపకి."

"మంచి పాపేనా?"

"అచ్చం నీలాంటి పాపే."

"గంట గట్టిగా నొక్కాలని చెప్పు. లేకపోతే మోగదు."

"చెప్తాలే," అని ఆమె మొహం తిప్పుకుంది.

ఇల్లు బోసిపోయింది. గోడమీద సైకిల్ హ్యాండిల్ రాసుకున్న గీత ఒక్కటే మిగిలింది. పెట్టుబడి పెట్టేవాళ్ళు వస్తున్నామన్నారు. వాళ్ళకి చూపించడానికి అతనికో వీడియో కావాల్సొచ్చింది.

"తల్లీబిడ్డా కలిసి వెళ్ళి ఇస్తున్నట్టు ఉండాలి. పాప గుడ్డ ఏనుగు ఉందిగా, అది ఇప్పించు. అది లేందే నిద్రపోదు కదా. కళ్ళల్లో నీళ్ళొస్తే వీడియో పండుతుంది."

"అదొక్కటీ ఉండనివ్వండి."

"అదే కావాలి. ఆటో ఆవిడ తీస్తుందిలే వీడియో. తీసుకునేవాళ్ళ ఇల్లు నేను చూడకూడదుగా, మన రూలే."

"ఇద్దర్నీ కలిపి పంపుతావుట్రా?" అత్త గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"పెట్టె లేదు, బట్ట లేదు. చేతిలో ఏనుగు. ఎక్కడికి పోతుందమ్మా?"

అత్త ఆమె సంచి బోర్లించి దులిపింది. నీళ్ళ సీసా పడింది. చేతిరుమాలు పడింది. ఇంకేమీ పడలేదు.

"ఊఁ, పో. తొందరగా రా."

ఆటో వీధులన్నీ తిరిగి తిరిగి ఒక సందులో ఆగింది. ఇరుకు మెట్లు. పాప ఏనుగుని పొట్టకి హత్తుకుని ఒక్కో మెట్టూ ఎక్కింది. పైన మూసిన తలుపు ముందు ఆగిపోయింది.

"ఆ పాప దీన్ని కొడుతుందేమో అమ్మా."

ఆమె పాప తల నిమిరింది.

ఆటో ఆవిడ తాళం తీసి, చెవి ఆమె గుప్పిట్లో పెట్టి, తలుపు తోసింది - లోపల కిటికీ పక్కన పాప మంచం, మంచం కింద పాప బూట్లు, మేకుకి పాప వానకోటు, గోడకి ఆనించి ఎర్ర సైకిల్, ఇన్నాళ్ళూ ఎంతోమంది అమ్మలు పట్టుకెళ్ళిన సామానంతా ఒక్కటీ తగ్గకుండా ఉంది.