రొసెందా ఇంట్లో ఫ్యాను

తుఫాను పోయి తొమ్మిదో రోజు. సమార్ దీవిలో మా వీధి కరెంటు స్తంభాలు ఇంకా నేలమీదే ఉన్నాయి. మధ్యాహ్నం పక్కింటి రొసెందా గోడ మీంచి కేకేసింది.

"అక్కా! మా ఆయన జనరేటరు తెచ్చాడు. పాపను పట్టుకురా, ఫ్యాను కింద పడుకుంటుంది. ఒళ్లంతా చెమటకాయలేగా దానికి!"

"జనరేటరు ఎక్కడ పెట్టారే?"

"పెరటి వంటపాకలో. బయట పెడితే వాన, వాన లేకపోతే దొంగలు."

"దాని పొగ మంచిది కాదే. తెలిసేలోపే మనిషి మత్తులోకి పోతాడట."

"చదువుకున్నదానివి, నీకు తినే అన్నం మీదా అనుమానమే! ఇరవయ్యేళ్లుగా అక్కడే కట్టెలు కాలుస్తున్నా. చచ్చానా?"

నవ్వాను. నిజమే, ఆ పాకకు గోడలే లేవు. పొగ గాలి ఎటు వీస్తే అటు పోతుంది. పాపను ఆమె పక్కన పడుకోబెట్టి, ఇంటికొచ్చి తొమ్మిది రోజుల మురికి బట్టలు ముందేసుకున్నాను.

ఆఖరి దుప్పటి పిండుతుంటే అరచేతులు చురుక్కుమన్నాయి. తాడు ఒరుసుకున్న గాట్లు. ఇవి ఎప్పటివి?

మొన్న ఆదివారానివి. సాయంగా పంచిన నీలం టార్పాలిన్ పట్టలను రొసెందా, నేను కలిసి ఆ పాక చుట్టూ చినుకు దూరకుండా బిగించి కట్టాం. ఇంట్లోకి వెళ్లే తలుపు ఒక్కటే తెరిచి ఉంచాం.

దుప్పటి వదిలేసి పరుగెత్తాను. "రొసెందా! రొసెందా!"

లోపల జనరేటరు ఆడుతూనే ఉంది. ఉక్కకు అరగంటకోసారి ఏడ్చి లేచే పాప, రెండు గంటలుగా లేవలేదు. ఇంతసేపూ అది ఫ్యాను చలవే అనుకుని సంతోషించాను.