తలకిందుల మనిషి

మూడో రోజు కూడా ఒక మనిషి తక్కువయ్యాడు.

మేస్త్రీకి ఒళ్లు మండింది. పది అంతస్తుల మేడకి బయటి గోడలన్నీ రంగు వేయాలి. ఎల్లుండి సాయంత్రానికి పని తేలకపోతే ఇంకో మేస్త్రీని చూసుకుంటానని ఓనరు మొహం మీదే చెప్పేశాడు. తన మనుషుల్ని వెంటబెట్టుకుని ఈ ఓనరు దగ్గర చేరి ఇంకా నెలన్నర కాలేదు. ఉన్నదే అయిదుగురు. అందులో రోజుకొకడు ఎక్కనని కూర్చుంటే ఏం చేసేది?

దానికి కారణం మేడ ఎదుట కాలిబాట మీద, బోర్లించిన అట్టపెట్టె ముందు కూర్చుని ఉన్నాడు. టారో కార్డులతో జోస్యం చెప్పే ముసలాయన.

ఎక్కడి నుంచి ఊడిపడ్డాడో తెలియదు. పని మొదలైనప్పటి నుంచీ అక్కడే. తాళ్ల మీద వేలాడుతూ రంగులు వేసేవాళ్ల దగ్గర డబ్బు పుచ్చుకోడు. భుజాన ఉన్న తాడు దించి తన ఒళ్లో పెట్టమంటాడు. దాన్ని ఈ కొస నుంచి ఆ కొస దాకా నిమురుతూ ఇంటి కబుర్లు అడుగుతాడు. తర్వాత కార్డులు కలిపి ఒకటి తీస్తాడు. సూర్యుడో నక్షత్రమో వస్తే వెళ్లి రమ్మంటాడు.

తలకిందుల మనిషి కార్డు వచ్చిందా, ఆ మనిషి ఆ పూటకి పనిలోకి రానట్టే. ఆ తాడు అచ్చిరాలేదని మూల పడేసి, మర్నాడు ఓనరు ఇచ్చిన తాళ్లలోంచి వేరేది తీసుకుంటాడు.

బొమ్మ కూడా అలాంటిదే మరి. కొయ్యకి ఒంటికాలితో తలకిందులుగా వేలాడుతున్న మనిషి. తాడు మీద బతికేవాడి గుండె జారడానికి అంతకంటే ఏం కావాలి?

ఈ పూట అది మేస్త్రీ బావమరిదికి వచ్చింది.

"నువ్వేమన్నా అనుకో బావా, నేను ఎక్కను," అన్నాడు వాడు. మొహంలో నెత్తురు లేదు.

మేస్త్రీ భార్యకి పుట్టింటి వైపు మిగిలింది ఈ తమ్ముడొక్కడే. కంటికి రెప్పలా చూసుకోమని చెప్పి మరీ పనికి పంపింది. అలాగని సొంత బావమరిదే ఎక్కకపోతే మిగతావాళ్లని ఏ మొహం పెట్టుకుని ఎక్కించడం?

విసవిసా వెళ్లి పెట్టె ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఏముంది ఇందులో? ఎవడో ఒంటికాలి మీద డాన్సు చేస్తున్నాడు."

"మీరు ఎదురుగా కూర్చున్నారు కదా, అటు నుంచి అలాగే కనబడుతుంది," అన్నాడు ముసలాయన. "ఇటు వచ్చి చూడండి."

అది చావు కార్డు కాదట. ఆ మొహం ఎంత నిమ్మళంగా ఉందో, తల చుట్టూ ఎలా వెలుగుందో చూడమన్నాడు. పరుగెత్తేవాణ్ణి ఒక్కరోజు ఆగమని, ఉన్నదాన్నే ఇంకో వైపు నుంచి చూసుకోమని చెప్పే కార్డట.

ఆ మాటలేవీ మేస్త్రీ చెవికెక్కలేదు. కార్డు మూల ఒకటి వేలికి తగిలింది. కొద్దిగా మడతపెట్టి ఉంది. కట్టంతా తిరగేశాడు. ఇంక దేనికీ ఆ మడత లేదు.

"చూశార్రా? తడుముకుని, కావలసినప్పుడు లాగుతున్నాడు. మీ నుదుటి రాత కాదిది, ఈయన చేతివాటం."

అందరూ నవ్వారు. బావమరిది కూడా సిగ్గుపడుతూ నవ్వాడు.

ముసలాయన కాదనలేదు. కార్డులు జేబులో పెట్టుకుని లేచాడు.

"అవును, నేనే తీశాను. ఈ అబ్బాయిని మాత్రం ఇవాళ్టికి ఆపండి మేస్త్రీ గారూ."

మేస్త్రీ పోలీసుల పేరెత్తాడు. ముసలాయన వెళ్లిపోయాడు. బావమరిది పైకెళ్లి అదే తాడు కట్టి, పలక మీద కూర్చుని గోడ వెంబడి దిగడం మొదలుపెట్టాడు.

గెలిచిన మనిషికి మనసు కుదుటపడాలి. మేస్త్రీకి కాలు ఒకచోట నిలవలేదు. టీ తెప్పించుకుని తాగడం మరిచిపోయాడు. దేవుణ్ణి తలుచుకోబోయి, ఇప్పుడు ఎందుకు తలుచుకుంటున్నానని ఇంకాస్త భయపడ్డాడు.

మోసం చేసేవాడికి ఏదో లాభం ఉండాలి కదా. కావలసినప్పుడు లాగుతున్నాడని తనే అన్నాడు. ఎప్పుడు కావలసొస్తోంది ఆయనకి?

తాడు నిమిరాక.

మూలన పడి ఉన్న రెండు తాళ్లలో ఒకటి తీసి, బొటనవేలితో నొక్కుకుంటూ పోయాడు. బారెడు దాకా రాయిలా ఉంది. తర్వాత ఒకచోట వేళ్ల మధ్య మెత్తగా అణిగిపోయింది. రెండోదీ అంతే.

లిఫ్టు కోసం ఆగలేదు. ఆరో అంతస్తు కిటికీలోంచి ఒళ్లంతా వంచి, బావమరిది బెల్టు దొరకబుచ్చుకుని లోపలికి ఈడ్చాడు. రంగు డబ్బా కింద పడి పగిలింది.

నీకేమన్నా పిచ్చా బావా అని వాడు అడుగుతూనే ఉన్నాడు. మేస్త్రీ కత్తితో ఆ తాడు కోసి చూపించాడు. పై అల్లిక నిగనిగలాడుతోంది. లోపలి పోగులు పీచుపీచుగా తెగి ఉన్నాయి.

అందరూ తలో వీధీ వెతికారు. ముసలాయన దొరకలేదు.

మధ్యాహ్నం మేస్త్రీ ఆ తాడు ముక్కలు పట్టుకుని తాళ్ల కొట్టుకి వెళ్లాడు. కొట్టాయన అటూ ఇటూ తిప్పి చూశాడు. కోయకుండా ఈ లోపం పట్టగలవాడు తనకి తెలిసి ఒక్కడేనని, గడ్డం, పొట్టి మనిషి, ఎడమకాలు కాస్త ఈడుస్తాడని చెప్పాడు.

మేస్త్రీ తలూపాడు.

"తాడు పాడైందని ఉన్నమాట చెప్పి ఉండొచ్చు కదండీ. ఆ కార్డులెందుకు?"

"చెప్పాడండీ, మీ ఓనరుకి. తాళ్లు మార్చేదాకా ఒక్కణ్ణి కూడా ఎక్కించనన్నాడు," అన్నాడు కొట్టాయన. "ఆయన్ని మాన్పించేగా మిమ్మల్ని మేస్త్రీగా పెట్టుకుంది."