నిద్రపోయిన హ్యాండ్లర్

మంగళవారం మధ్యాహ్నం రెండింటికి ఇంటి నుంచే పనిచేసే లావణ్య రాసిన కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కు మూలమైన భాగం) కోడ్‌తో టెస్ట్ బోర్డు స్తంభించింది. నాలుగింటికి క్లయింటుకు చూపించకపోతే ప్రాజెక్టు వేరేవాళ్లకు పోతుంది.

తప్పు దొరికింది. ఏదైనా పరికరం పిలిస్తే, నడుస్తున్న పనిని ఆపి పలకాల్సిన ఇంటరప్ట్ హ్యాండ్లర్, తన పని మధ్యలో వేరే పని పట్టుకున్న ఒక లాక్ వదిలేదాకా నిద్రపోతోంది. దానికి విడిగా ఆగి, మళ్లీ నడవగల సొంత ప్రాసెస్ ఉండదు కాబట్టి మళ్లీ లేపే దిక్కు లేదు.

"ఏమైంది బిడ్డా?" పాతబస్తీ ఇంటి వెనక కొట్టంలో బర్రె పాలు పిండుతూ ఆమె మామగారు రామ్‌చందర్ అడిగాడు.

"ఈ హ్యాండ్లర్ మీ లెక్కనే చేసింది మామా! బెల్లు మోగితే బర్రెను ఇడిసి పోతరు, పాలు కొనేటోళ్లతోని గేటుకాడ్నే లొల్లి పెట్టుకుంట నిలవడ్తరు. మాట విని ఎంటనే రావాలె. కూసొని చేసే పని ఇంకో ప్రాసెస్‌కు అప్పజెప్పాలె. అది ఎంతసేపైనా ఆగుతది."

ఆమె కోడ్‌ను అలాగే మార్చింది. బోర్డు నడిచింది.

ఆలోపు గేటు బెల్లు చాలాసార్లు మోగింది. ప్రతిసారీ రామ్‌చందర్ వెళ్లి, నిమిషంలో బర్రె దగ్గరికి తిరిగొచ్చాడు. లావణ్య మురిసిపోయింది.

"మస్తు నేర్చుకున్నరు మామా!"

"అందరిదీ పాలల్ల నీళ్లున్నయనే లొల్లి బిడ్డా. నేనైతే ఆగలే. మా కోడలు కూసొని మాట్లాడ్తదని చెప్పిన. మూడున్నరకు అందరు ఒస్తున్నరు."